గ్లెనార్డిన్ బంగళాలో మూడో ఉదయం

ఇన్‌స్పెక్టర్ తవమణి రాతిచప్టా మీద కూర్చుని బూటు విప్పింది. చీలమండకు అతుక్కున్న జలగను గోటితో గీరి అవతల పారేసింది. అది మూడోది. పక్కన సార్జెంట్ కరుణాతిలక ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని, తిట్టుకుంటూ తన లెక్క తను చూసుకుంటున్నాడు.

"నాకు అయిదు, మేడం. జీపు దారి నుంచి ఇక్కడికి గట్టిగా యాభై గజాలుండదు. ఈ గడ్డిలో నడిచినవాడు అన్నదానం చేసినట్టే."

తవమణి నవ్వలేదు. ఆమె చూపు రెండు గజాల అవతల దుప్పటి కింద ఉన్న పాదాల మీద ఉంది.

యోలాండా ఫెర్మేర్. వయసు నలభై. నెదర్లాండ్స్ పాస్‌పోర్టు. ఒంటి రంగు మాత్రం ఈ కొండల రంగే. నాలుగు తేయాకు తోటల్లో నాలుగు బంగళాలు, వారం రోజుల విలాస యాత్ర. మొదటి మజిలీ గ్లెనార్డిన్. అక్కడ మూడో ఉదయమే ఇలా తేలింది. ఎనిమిదీ నలభైకి తోట కంగాణి, అంటే కూలీల మేస్త్రీ, చూశాడు. పైన అతిథులకు ఫలహారాలు పెట్టే కొండకొమ్ము, దాని కింద ముప్ఫై అడుగుల లోతులో ఈ చప్టా. పొద్దున్నే ఒంటరిగా షికారుకు వచ్చి, మంచులో కాలుజారి పడిందని బంగళావాళ్ళ మాట.

"కాళ్ళ మీది దుప్పటి తీయి," అంది తవమణి.

సార్జెంట్ తీశాడు. కొత్త నడక బూట్లు. లోపల మేజోళ్ళు లేవు. చీలమండలు నున్నగా, శుభ్రంగా ఉన్నాయి. ఎక్కడా ఒక్క చుక్క రక్తం లేదు.

"మనకు బూట్లూ మేజోళ్ళూ ఉండగానే ఎనిమిది జలగలు పట్టాయి. ఈవిడ వట్టి కాళ్ళతో ఇదే గడ్డిలో నడిచి కొమ్ము మీదికి వెళ్ళిందట. ఒక్కటీ పట్టలేదట!"

సార్జెంట్ ఆ చీలమండల మీదికి వంగాడు. "అంటే నడవలేదన్నమాట."

"తల వెనక చూడు."

వెంట్రుకల్లో గాయం నెత్తురు గడ్డకట్టి ఉంది. దాని అంచున రక్తం కాని ఎరుపొకటి మెరుస్తోంది. తవమణి వేలికొనతో తాకి వాసన చూసింది. కిరోసిన్, మైనం. బంగళాల్లో సిమెంటు నేలకు పట్టించే ఎర్ర పాలిష్.

"ఇన్‌స్పెక్టర్, ఇంకా ఎంతసేపు?" పైనుంచి గొంతు వచ్చింది. మేజర్ ఎల్లేపొల. సైన్యంలో పదవీ విరమణ చేసి, ఈ బంగళాలు నడిపే కంపెనీకి భద్రతాధికారిగా చేరాడు. పోలీసుల కన్నా గంట ముందే వచ్చి, కొమ్ము మీది గడ్డంతా తన మనుషులతో తొక్కించాడు. "మధ్యాహ్నం మరో జంట దిగుతోంది. ప్రమాదమని రాసేసి శవాన్ని తీయించండి."

"ప్రమాదమైతే అలాగే రాసేదాన్ని సార్. ఈవిడ కాళ్ళకు ఒక్క జలగ గాటు కూడా లేదు."

మేజర్ పెద్దగా నవ్వాడు. "దీన్ని కోర్టులో చెబుతారా? సాక్షి పేరు జలగ, నివాసం గడ్డి. మీరు లయంలో పుట్టారట కదా? జలగల సంగతి మీకు తెలిసినంతగా మాకు తెలియదులెండి."

లయమంటే తోట కూలీల వరస ఇళ్ళు. తవమణి బూటు తాడు నిదానంగా బిగించుకుని లేచింది.

"తెలుసు సార్. మా రక్తం ఎవరెవరు తాగారో కూడా గుర్తుంటుంది."

* * *

బంగళా సామానుగదిలో వేలాయుదం వెండి చెంచాలు తుడుస్తున్నాడు. తెల్లకోటు, తెల్లపంచె, యాభై ఎనిమిదేళ్ళ వంగిన నడుము. అతిథుల గదులకు టీ తీసుకెళ్ళేది ఇతనే. పోలీసులను చూడగానే కళ్ళు తుడుచుకున్నాడు.

"కూర్చోండి పెద్దాయనా. పొద్దున టీ ఎన్నింటికి ఇచ్చారు?"

"సరిగ్గా ఆరింటికమ్మా. తలుపు కొట్టాను, ఆవిడే తీసి పళ్ళెం అందుకుంది."

"ఆ తర్వాత?"

"ఏడూ పదికి షికారుకు వెళ్ళడం చూశాను. ఈ కిటికీలోంచే. కాలిబాట పట్టి ఒక్కతే పోతోంది."

"ఏడూ పదని అంత కచ్చితంగా ఎలా తెలుసు?"

"నలభై ఏళ్ళ నుంచి గడియారం చూసుకుంటూ బతుకుతున్నానమ్మా."

తవమణి కిటికీ దగ్గరికి వెళ్ళి చూసింది. బంగళా నుంచి కొమ్ముకు అదొక్కటే కాలిబాట. తోట వెనకనుంచి జీపు దారి వేరే ఉంది. వచ్చేటప్పుడు కంగాణి చెప్పిన మాట ఆమెకు గుర్తుంది. ఆరున్నరకు కొట్టం దగ్గర పేర్లు పిలిచాక, ఏడింటికి నలభై మంది ఆడవాళ్ళు బుట్టలేసుకుని ఆ బాటనే పైకెక్కారు. ఏడూ ఇరవైదాకా బాట నిండా వాళ్ళే. దొరసానులెవరూ ఎదురుపడలేదని నలభై మందిదీ ఒకటే మాట.

ఆ సంగతి అతనికి చెప్పలేదు.

"వెనక మెట్లు మెరిసిపోతున్నాయి. పాలిష్ ఎప్పుడు పట్టారు?"

వేలాయుదం చేతిలో చెంచా ఆగింది. "ఇవాళ పొద్దునమ్మా."

"పాలిష్ శనివారాలే కదా? గోడ మీద అట్టలో అలాగే రాసుంది. ఇవాళ గురువారం."

"పెద్ద దొరసాని పట్టమంది. కొత్త అతిథులు వస్తున్నారు కదా అని."

"ఎన్నింటికి?"

"ఏడున్నరకి." ఆ మాట బయటపడగానే తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు.

"యోలాండా మీతో ఏమైనా మాట్లాడేదా?"

"అతిథులతో మనకు మాటలేంటమ్మా? ఎండ బావుందా, వాన వస్తుందా, అంతే."

సార్జెంట్ యోలాండా గది చూసి వచ్చి తవమణి చెవిలో చెప్పాడు. జలగలు ఎక్కకుండా బంగళావాళ్ళు అతిథులకిచ్చే పొడవాటి గుడ్డ మేజోళ్ళు కొక్కేనికి వేలాడుతున్నాయి. పొడిగా, మడత కూడా నలగకుండా.

* * *

పెద్ద దొరసాని అంటే మాడ్లిన్ క్రెట్సర్, బంగళా మేనేజరు. అరవై రెండేళ్ళ బర్గర్ స్త్రీ, ఇక్కడ స్థిరపడ్డ డచ్చివాళ్ళ సంతతి. తండ్రి ఒకప్పుడు ఈ తోట ఆసుపత్రి డాక్టరు. పుట్టింది, పెరిగింది, నెరిసింది అన్నీ ఇక్కడే. ముందుగదిలో నిటారుగా కూర్చుని ఉంది. బూడిదరంగు గౌను, మీగడరంగు పొడుగు మేజోళ్ళు. మేజర్ ఆమె కుర్చీ వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పొద్దున్నుంచి మీరు ఎక్కడున్నారు, మేడం?"

"ఇక్కడే. ఈ ఇంటి గడప దాటలేదు. నా మోకాళ్ళకు ఈ కొండలు పడవు."

"తోటలోకి కూడా వెళ్ళలేదా?"

"గడప దాటలేదని చెప్పాను కదా."

"జీపు తాళాలు ఎవరి దగ్గరుంటాయి?"

"నా దగ్గర."

"ఇవాళ జీపు బయటికి తీశారా?"

"లేదు."

తవమణి రాసుకుంటూనే చూపు కిందికి దించింది. మాడ్లిన్ ఎడమ చీలమండ దగ్గర మీగడరంగు మేజోడు మీద బఠాణీగింజంత ఎర్రమచ్చ. తాను చూస్తుండగానే అది రూపాయి బిళ్ళంత అయింది.

"మీ కాలికి రక్తం కారుతోంది."

మాడ్లిన్ వెంటనే రెండో కాలు దాని మీద వేసుకుంది. "గులాబీ ముల్లు గీసుకుంది."

"గడప దాటకుండానేనా?"

 మేజర్ కట్టుకున్న చేతులు విప్పాడు.

"జలగ పట్టిందని చెప్పి ఉంటే, గుమ్మం దగ్గర పాకిందేమోనని ఊరుకునేదాన్ని, మేడం," అంది తవమణి మెల్లగా. "మీరు ముల్లన్నారు. జలగ పేరెత్తడానికి ఎందుకు భయపడ్డారు? ముల్లు గాయం పావుగంటలో ఆరిపోతుంది. జలగ వదిలిన చోట గంటలకొద్దీ కారుతుంది. దాని నోట్లో రక్తాన్ని గడ్డకట్టనివ్వని మందులాంటిది ఉంటుంది. డాక్టరు గారి అమ్మాయి కదా, మీకు తెలియదా?"

మాడ్లిన్ ముఖంలో రంగు మారలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"నా లాయరు వచ్చేదాకా నేను మాట్లాడను."

"మాట్లాడకండి. సార్జెంట్, ఈవిడ పక్కన ఆడ కానిస్టేబుల్‌ని ఉంచు. డాక్టరు వచ్చి ఆ కాలు చూసేదాకా ఆ మేజోడు మార్చకూడదు, కడగకూడదు."

మేజర్ తవమణి చేయి పట్టుకున్నంత పని చేసి వరండాలోకి రమ్మన్నాడు.

"మతి ఉందా మీకు? అరవై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. శవాన్ని భుజాన వేసుకుని కొండెక్కిందంటారా?"

"ఒక్కతే అని నేననలేదు. రెండోవాళ్ళెవరో తెలియాలి."

"వింటున్నారా, కొలంబో నుంచి మా చైర్మన్ ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. సాయంత్రానికి మిమ్మల్ని ఈ కేసులోంచి తీసేయించడం నాకు పెద్ద పని కాదు."

"సాయంత్రందాకా టైముందన్నమాట. థాంక్స్ సార్."

మేజర్ మరేదో అనబోయాడు. అంతలో అతని కోటు జేబులో ఫోను మోగింది. అతను జేబు మీద చెయ్యి వేసి ఆపేశాడు. అది మళ్ళీ మోగింది. మళ్ళీ ఆపాడు. అతని ఫోను అతని ఎడమచేతిలోనే ఉందని తవమణి అప్పుడు గమనించింది.

"ఆ జేబులోది ఎవరిది?"

"అతిథిది. వాళ్ళ గోప్యత మా బాధ్యత..."

"చచ్చిన మనిషి ఫోను జేబులో వేసుకుని నాకు గోప్యత పాఠం చెబుతున్నారా? ఇక్కడ పెట్టండి. లేకపోతే ఈ కేసులో నేను రాసే మొదటి పేరు మీదే అవుతుంది. సాక్ష్యం దాచినందుకు."

మేజర్ ఫోను తీసి వరండా బల్ల మీద పడేశాడు. అది మూడోసారి మోగుతోంది. తవమణి ఎత్తింది.

"యోలాండా, నేను బస్సు దిగాను. మీ జీపు ఎక్కడ?" యువతి గొంతు, ఇంగ్లీషులో.

తవమణి తనెవరో చెప్పింది. జరిగింది చెప్పింది.  అవతలినుంచి ఏడుపు. ఆమె పేరు రిజ్వానా, కాండీలో టీచరు, తమిళం నుంచి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుంచి తమిళానికి చెప్పే పని కూడా చేస్తుంది.

"ఇవాళ పొద్దున ఆరూ ఇరవైకి ఫోన్ చేసింది మేడం. వెంటనే రమ్మంది. చంటిబిడ్డగా ఉన్నప్పుడు తనను ఈ తోట నుంచే పరాయి దేశానికి దత్తతకు పంపేశారట. కన్నతల్లి పేరు కాగితాల్లో దొరికింది. పవళాయి. నిన్న మధ్యాహ్నం ఆ ఇంటికి వెళ్ళిందట. బంగళా మనిషి ఒకడు మధ్యలో కూర్చుని ఒకరి మాటలు ఒకరికి తర్జుమా చేశాడట."

"మరి మిమ్మల్ని ఎందుకు పిలిచింది?"

"అతను తన మాట చెప్పలేదని అనుమానం. 'కూతురు అనే మాట మీ భాషలో ఎలా ఉంటుందో ముందే నేర్చుకున్నాను రిజ్వానా. అతను గంట మాట్లాడినా ఆ మాట ఒక్కసారీ రాలేదు' అంది. తర్వాత ఎవరో పిలిచినట్టున్నారు. క్రెట్సర్ మేడంతో ఇప్పుడే తేల్చుకుంటానని పెట్టేసింది."

"ఆ మధ్యవర్తి పేరు?"

"చెప్పలేదు మేడం."

తవమణి ఫోను సంచిలో వేసి సీలు చేయించింది. ఆరూ ఇరవైకి బతికి ఉంది. ఏడున్నరకు వెనక మెట్లకు పాలిష్ పడింది. ఈ మధ్యలో డెబ్బై నిమిషాలు. మేజర్ వరండా స్తంభానికి ఆనుకుని అంతా విన్నాడు.  చైర్మన్ ఫోను మోగుతున్నా తీయలేదు.

* * *

లయంలో పన్నెండు గదుల వరస. తొమ్మిదో గది పవళాయిది. తవమణి ఒక్కతే వెళ్ళింది, టోపీ తీసి చేత్తో పట్టుకుని. తలుపు ఎత్తు చూడకుండానే తల వంచి లోపలికి అడుగుపెట్టింది. ఇలాంటి గదిలోనే ఆమె పద్దెనిమిదేళ్ళు పెరిగింది.

పవళాయి పొయ్యి ముందు కూర్చుని రొట్టె కాలుస్తోంది. అరవై మూడేళ్ళ మనిషి డెబ్బై అయిదేళ్ళ దానిలా ఉంది. ఆకు కోసి కోసి వేళ్ళు నల్లగా బీటలు తీశాయి.

"రా తల్లీ. పోలీసువా? ఎవరి పిల్లవు?"

"కింద మందారం తోట మునియమ్మ కూతుర్ని, పెద్దమ్మా."

"మన పిల్లవే. కూర్చో. టీ తాగు." నంజుకోవడానికి చక్కెర తవమణి అరచేతిలో పోసి, నల్లటీ గ్లాసు ముందు పెట్టింది. "కొండ మీద ఎవరో దొరసాని పడిపోయిందట కదా. పాపం. నిన్న మా ఇంటికొచ్చిన ఆవిడ కాదు కదా?"

తవమణి గ్లాసు చేతిలోకి తీసుకుంది. "నిన్న వచ్చిన ఆవిడ ఏం మాట్లాడింది పెద్దమ్మా?"

"ఇల్లు శుభ్రంగా ఉందంది. ఎన్నేళ్ళు ఆకు కోశావని అడిగింది. రొట్టె బావుందంది. చెయ్యి పట్టుకుని ఒకటే ఏడుపు. ఏమ్మా, ఎందుకేడుస్తావని అడిగితే, పొగ కళ్ళకు పడడం లేదక్కా అని వీడు చెప్పాడు."

"వీడంటే?"

"వేలాయుదం. బంగళాలో టీ ఇస్తాడే. నా తమ్ముడు."

తవమణి గ్లాసు కింద పెట్టింది. 

"నీకు పిల్లలెందరు పెద్దమ్మా?"

"ఒక్కతే పుట్టింది. ఆడపిల్ల. మూడోరోజే పోయింది. నాకు ఒళ్ళెరగని జ్వరం. కళ్ళు తెరిచేసరికి పెట్టె. మూతకు మేకులు కొట్టేశారు. అంటురోగం, తెరవొద్దన్నాడు డాక్టరు దొర. ఆయన కూతురు మాడ్లిన్ దొరసాని పక్కనే నిలబడి నా వేలిముద్ర వేయించింది. పెట్టె ఆసుపత్రి నుంచి మోసుకొచ్చింది మా తమ్ముడే. ఆ నెలలోనే వాడికి బంగళాలో పని దొరికింది. దేవుడు ఒక చేత్తో తీసి ఒక చేత్తో ఇచ్చాడనుకున్నాను."

గుమ్మంలో వెలుతురు తగ్గింది. తెల్లకోటు లేకుండా, వట్టి బనీనుతో వేలాయుదం నిలబడి ఉన్నాడు. అతని వెనక సార్జెంట్ రొప్పుతున్నాడు.

"వంటింటి దారిన జారుకున్నాడు మేడం. పారిపోతున్నాడనుకుని వెంటపడ్డాను. తిన్నగా ఇక్కడికే వచ్చాడు."

వేలాయుదం తవమణిని చూడలేదు. "అక్కకు చెప్పారా అమ్మా?"

"ఇంకా లేదు. నువ్వే చెప్పు. నిన్న ఆవిడ అన్నదేమిటో, ఉన్నది ఉన్నట్టు."

అతను గుమ్మంలోనే కూలబడ్డాడు. 

"'నేను నీ కూతుర్ని' అందక్కా. 'నన్ను చనిపోయిందని చెప్పి అమ్మేశారు. నీ తప్పు లేదని నాకు తెలుసు' అంది. అంతే. గంటసేపూ అదే మాట తిప్పి తిప్పి చెప్పింది."

పవళాయి రొట్టె పెనం మీద మాడుతోంది. ఆమె తీయలేదు.

"పొద్దున ఏం జరిగింది?" అంది తవమణి.

"వెనక మెట్ల మీద ఇద్దరూ గొడవపడ్డారు. నేను వచ్చేసరికి కింద పడి ఉంది. పెద్ద దొరసాని తోసిందో, జారిందో చూడలేదు. చచ్చిపోయింది, పైకి తీసుకెళ్ళాలి, బయటపడితే ఇద్దరమూ జైలుకే అంది. షికారుకు వెళ్ళినట్టు బూట్లు తొడిగి, ఆకు గోతంలో చుట్టి జీపులో వేశాను. గడ్డిలో తల వైపు నేను పట్టుకున్నాను, కాళ్ళ వైపు ఆవిడ."

"చచ్చిపోయిందని నువ్వు చూశావా?"

అతను మోకాళ్ళ మీద తల ఆనించాడు.

"వేలాయుదం!"

"కొమ్ము మీద దించినప్పుడు కళ్ళు తెరిచింది." అతని గొంతు దాదాపు వినిపించడం లేదు. "నన్ను గుర్తుపట్టింది. ఒక మాట అంది."

"ఏమంది?"

"ఇంగ్లీషులో..."

"మీ అక్కకు అర్థమయ్యేలా చెప్పు."

"'మా అమ్మకు చెప్పు' అంది. పెద్ద దొరసాని తోసెయ్యమంది. నేను..." రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "నేనే తోశానక్కా."

సార్జెంట్ సంకెళ్ళు తీశాడు. తవమణి చేయెత్తి ఆపింది. పవళాయి లేచింది. ఏడవలేదు, కొట్టలేదు. తమ్ముడి ముందుకొచ్చి నిలబడింది.

"నాది ఒక్కటేనా, ఇంకా మోశావా?"

వేలాయుదం ఆమె పాదాల కేసి చేతులు చాపాడు.

"చెప్పరా. డాక్టరు దొర ఎన్ని పెట్టెలు మోయించాడు నీచేత?"

"పదకొండు."

బయట చప్పుడేదో ఆగినట్టయింది. తవమణి తలెత్తి చూసింది. మధ్యాహ్నం ఆకు తూకానికి దిగిన ఆడవాళ్ళు, తలకు బుట్ట తాళ్ళతోనే, వరస పొడవునా నిలబడిపోయి ఉన్నారు. వాళ్ళలో ఒక ముసలామె ముందుకొచ్చింది. బుట్ట దించి గుమ్మం పక్కన పెట్టి, వేలాయుదం ముఖంలోకి వంగి చూసింది.

"మా పాపది కూడా నువ్వే తెచ్చావు," అంది. "చాలా తేలిగ్గా ఉండింది ఆ పెట్టె."